తునికాకులో తెచ్చిన నల్లి

డిగ్రీ మూడో ఏడు పిల్లలకు నల్లుల జాతి పురుగుల వర్గీకరణ చెప్పేటప్పుడు నాకు ఒక పేజీ అంటే మహా ఇష్టం. నాచు నల్లులు, వాటిలో పెలోరిడియం అనే ప్రజాతి. మినపగింజంత పురుగు. ఒళ్లంతా అణగదొక్కినట్టు చదును. తల వెడల్పు, కళ్లు చెరో చివర. తల అంచునా భుజాల మీదా రెక్కల మీదా గాజుముక్కలు అతికించినట్టు గళ్లు. మీసాలకు మూడే కణుపులు, అవీ తల కింద దాక్కునేంత పొట్టివి. తడి నాచులో పుట్టి, ఆ నాచు రసమే పీల్చి బతుకుతుంది. ఉండేది ఎక్కడో దక్షిణ అమెరికా అడుగు కొసన.

దాన్ని ఏ వరుసలో పెట్టాలో పండితులకే చాలాకాలం తెలియలేదు. ముందు మామూలు నల్లుల్లో కలిపారు. తర్వాత అక్కణ్నుంచి లేపి పచ్చదోమల వైపు జరిపారు. చివరికి ఇదీ కాదు అదీ కాదని, దాని కుటుంబానికి వేరే ఉపక్రమమే ఇచ్చారు. పెళ్లిలో ఏ బంతిలో కూర్చోబెట్టాలో తెలియని చుట్టం అని నేను క్లాసును నవ్వించేవాణ్ని. చూసిన ప్రతిసారీ మనసు మార్చుకోవడానికి సిద్ధంగా ఉండాలని నీతి కూడా చెప్పేవాణ్ని. చెప్పడానికేం, నోరు నాదే కదా.

చాలా ఏళ్ల కిందట మొదటి బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. నిజామాబాద్ పట్నమే, బీడీలు చుట్టే ఇల్లు. రుద్రూర్‌లో ఉన్న చెరుకు పరిశోధన కేంద్రంలో పురుగుల మీద నెల రోజుల శిక్షణ ఉందని, మా డిపార్ట్‌మెంటు నుంచి ఒక్కరిని పంపమని ఎండాకాలానికి ముందే కబురొచ్చింది. పేరు రాయాల్సింది నేను. ఆ అమ్మాయికి ఆ నెల కావాలి. "గా ట్రైనింగ్ దొరికితే ఎమ్మెస్సీకి మా బాపు కాదనడు సార్" అని నాతోనే అంది. చూద్దాంలే అన్నాను. నిజానికి ఆమె పేరే నా మనసులో ఉంది.

ఒకరోజు క్లాసు మొదలుకాకముందే వచ్చి నా టేబుల్ మీద చిన్న పొట్లం పెట్టింది. బీడీ కొలతకు కత్తిరించిన తునికాకు, అచ్చం బీడీలా చుట్టి దారం కట్టి, కొస మడిచి ఉంది.

"సార్, నాచు నల్లి దొరికింది. మా ఇంట్ల ఆకు తడిపే గోలెం కాడ గోడకు నాచు వట్టింది. గా నాచులనే ఉన్నయి. జర సూడుండ్రి సార్."

నేను ఆ దారం కూడా విప్పలేదు. "అగ్గిపెట్టె మరిచిపోయినవా?" అన్నాను. క్లాసు గొల్లుమంది. ఆ నవ్వు రుచికి ఆగలేక ఇంకోటి తగిలించాను. "అంత దూరం నుంచి మీ గోలెం దాకా ఏ బస్సుకు వచ్చిందట?" మళ్లీ నవ్వు. మన దేశంలోనే లేని పురుగు మీ గోడ మీద ఎట్లా ఉంటుందని చెప్పి, చెత్తడబ్బా వైపు చూపించాను. ఆమే తీసుకెళ్లి అందులో వేసింది. వచ్చి బెంచీలో కూర్చుని నోట్సు రాసుకుంది.

ఎందుకట్లా చేశానో ఇన్నాళ్లూ నాకు నేనే వేరేగా చెప్పుకున్నాను. క్రమశిక్షణ అనీ, శాస్త్రమనీ. అదేం కాదు. తడిసిన తునికాకు వాసన మా ఇంటి వాసన. మా అవ్వ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టి నన్ను చదివించింది. స్టాఫ్‌రూములో మాత్రం మాది బట్టల కొట్టు అని చెప్పుకున్నాను. ఆ పొట్లం టేబుల్ మీదికి రాగానే క్లాసంతా నన్ను గుర్తుపట్టేసినట్టు భయపడ్డాను. ఆ భయాన్ని ఆ పిల్ల నెత్తిన వేసి నవ్వాను.

రుద్రూర్‌కు ఇంకో అబ్బాయి పేరు రాశాను. పాఠం అప్పజెప్పడంలో గట్టివాడు. ఆ తర్వాత ఆమె క్లాసులో ప్రశ్నలు అడగడం మానేసింది. డిగ్రీ అయిపోయింది, వెళ్లిపోయింది.

రిటైర్మెంట్ దగ్గరపడి మొన్న నా బీరువా ఖాళీ చేస్తుంటే పాత ప్రాక్టికల్ రికార్డుల్లో ఆమెది బయటపడింది. చివరి పేజీలో పెన్సిల్‌తో ఆ నల్లి బొమ్మ. చదును ఒళ్లు, రెక్కల మీద గళ్లు, అన్నీ ఉన్నాయి. మీసాలు మాత్రం పొడుగ్గా, తల దాటి ముందుకొచ్చి ఉన్నాయి. కింద చిన్న అక్షరాలతో రాసుకుంది: "సార్ మూడు కణుపులన్నారు. దీనికి నాలుగున్నాయి. ఎందుకో అడగాలి."

అడగడానికే వచ్చిందన్నమాట.

అది నాచు నల్లి కాదు, లేసు నల్లి. పైనుంచి చూస్తే గళ్ల వల్ల రెండూ ఒకేలా కనిపిస్తాయి, మీసాలు చూస్తే తేడా తెలిసిపోతుంది. లేసు నల్లులు మామూలుగా ఆకుల అడుగున ఉంటాయి. నాచులో బతికేవి బహు కొద్ది. అటువంటిది మన నిజామాబాద్‌లో ఉందా అంటే నా దగ్గర జవాబు లేదు. ఒకరోజు నా టేబుల్ మీదికి వచ్చింది, పోగొట్టుకున్నాను.

ఆమె బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతోందని వాకబు చేసి తెలుసుకుని, రికార్డు పట్టుకుని వెళ్లాను. చూడగానే గుర్తుపట్టింది. కుర్చీ వేసి, చాయ్ తెప్పించింది. నేను ఆ పేజీ తీసి చూపించాను. నువ్వు గీసింది సరైనదేననీ, నాలుగు కణుపులు ఉండాల్సినవేననీ చెప్పాను. ఆమె బొమ్మలో మీసాల మీద వేలు పెట్టి కణుపులు లెక్కపెట్టింది.

"నాచు నల్లి కాదని మీరు గప్పుడే చెప్పిండ్రు కద సార్" అంది.

"చూడకుండా చెప్పాను. పొట్లం విప్పనే లేదు. తప్పు నాది."

"గా నల్లులు ఇంకా ఉన్నాయా, మీ గోడ మీద?" అని కూడా అడిగాను, సిగ్గులేకుండా.

"గోడ కూలగొట్టి బాత్‌రూం కట్టిండ్రు సార్."

బెల్లు కొట్టారు. ఆమె చాక్‌పీసు తీసుకుని లేచింది. గుమ్మం దాకా పోయి ఆగింది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"పొట్లం దూరంకెల్లి సూసుడుతోనే మీకు తెలిసిపోయిందనుకున్న సార్. నాకే సూసుడు రాదనుకోని గీ పురుగుల పనే ఇడిసిపెట్టిన. మీరు సూడలేదని తెలిస్తే, తెల్లారి ఇంకోటి తెస్తుంటి."