ఇంటి కారు, బేరం కారు

నా చిన్నప్పుడు రాజాంలో మా నాన్న రెండు కార్లు కిరాయికి తిప్పేవాడు. కలవారమని కాదు, మాకు కూడు పెట్టేవి అవే. కాస్త కొత్తదాన్ని ఇంటి కారు అనేవాళ్ళం, ఇంటిల్లిపాదీ ఊరెళ్ళాలంటే అదే మరి. డ్రైవరు నడిపే పాతది బేరం కారు.

ఒకసారి రెండింటికీ బ్రేకు రబ్బర్లు మార్చాల్సి వచ్చింది. బ్రేకు తొక్కినప్పుడు లోపలి నూనె కారిపోకుండా పట్టి ఉంచేవి అవే. ఆ రోజుల్లో కంపెనీ సామాను దొరకడం గగనం. నాన్న విశాఖపట్నమంతా తిరిగితే ఒక్క కారుకి సరిపడా దొరికాయట. రెండోదానికి అచ్చం అలాగే ఉండే డూప్లికేటువి తెచ్చాడు. ఏవి దేనికి వెయ్యాలో ఆయన ఆలోచించనే లేదు. కంపెనీవి ఇంటి కారుకి, డూప్లికేటువి బేరం కారుకి. మా నాన్నకి మేమంటే ఎంత ప్రేమో అని నేను పొంగిపోయి, అన్నాల దగ్గర మా మామ్మకి గొప్పగా చెప్పాను. మామ్మ ముద్ద కలుపుతూ ఊఁ కొట్టిందంతే.

ఆ తర్వాత కొద్దిరోజులకే నరసన్నపేటలో మా చుట్టాల పెళ్ళి. ఆ పొద్దున్నే పక్కింటి అక్కని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళాలని వాళ్ళత్త వచ్చి బేరం కారు మాట్లాడుకుంది. అక్కకి నెలలు నిండాయి. రెండు కార్లూ మా వాకిట్లో ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. మేం పట్టుబట్టలు కట్టుకుని ఎక్కి కూర్చున్నాక, మామ్మ తలుపు తీసుకుని దిగిపోయింది.

“ఒరే, నాను ఆ కారెక్కుతానురా. ఆ పిల్లని దీంట్లో కూకోబెట్టు,” అంది.

“ఏటమ్మా ఇది! నీకా కారొద్దు,” అన్నాడు నాన్న కంగారుగా.

“ఏటి, దానికేటైనాది?”

నాన్న మళ్ళీ ఇంటి కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. మామ్మ మరిచిపోయిందేమోనని నేనే కిటికీలోంచి తల పెట్టి అరిచాను. “మామ్మా, సెప్పాను కదే! దానికి డూప్లికేటు రబ్బర్లే! బ్రేకు పడకపోతే సచ్చిపోతావు!”

పక్కింటి అక్క బేరం కారు తలుపు మీద ఒక చెయ్యి, పొట్ట మీద ఒక చెయ్యి వేసుకుని అలాగే నిలబడిపోయింది. మా నాన్న వైపు చూసింది. అబ్బ, ఆ చూపు! తిట్టిపోసినా బాగుండేది. నేను మురిసిపోయిన ప్రేమకి అవతల ఎవరున్నారో అప్పుడు తెలిసింది నాకు. సిగ్గుతో సీటు కిందకి దూరిపోవాలనిపించింది. నాన్న తల వంచుకుని నేల చూస్తున్నాడు.

మామ్మ అక్క చెయ్యి పట్టుకుని ఇంటి కారెక్కించి, తను పక్కన కూర్చుంది. నాన్నే నడిపాడు. మేం బస్సులో ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి వెళ్ళాం. కంపెనీ సామాను వచ్చేదాకా బేరం కారు పాకలోంచి కదల్లేదు.

అక్కకి సుఖంగా కొడుకు పుట్టాడు. పిల్లాణ్ణి తెచ్చిన రోజు నాన్న దూరంగా గోడవారనే నిలబడ్డాడు. “ఏటి బాబాయ్, అక్కడే ఉండిపోనావు? నీ మనవడే, ఎత్తుకో,” అని అక్కే ఆయన చేతుల్లో పెట్టింది. నాన్న ఏడ్చేశాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు.

ఇప్పుడు మా అబ్బాయి కారు బాగుచేయిస్తూ, కంపెనీది వేయించనా, బయటిది వేయించనా అని అడుగుతుంటాడు. ఎక్కేదెవర్రా అంటాను నేను. “మనవాళ్ళేలే అమ్మా,” అంటాడు వాడు విసుగ్గా. మనవాళ్ళు అన్న మాట వింటే చాలు, ఇన్నేళ్ళైనా నా తల దానంతటదే వాలిపోతుంది.