ఎర్ర గుడ్డ మీద రాసిన పేరు

దేవుణ్ణి నమ్మి పెరిగినదాన్ని. దయ్యాల్ని నమ్మాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. పిల్లకి దిష్టి తగిలిందని ఇంట్లో పెద్దవాళ్లంటే ఉప్పు తిప్పి పోసేదాన్నే గాని, అది వాళ్ల తృప్తి కోసం. నేను బడికి వెళ్లి చదువుకోలేదు. మా నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువు. ఆ అక్షరాలతో నేను చేసిన పొరపాటు గురించే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఒక విషయం చెప్పాలి. మాకు మొదట పుట్టిన ఆడపిల్ల తొమ్మిదో రోజున పోయింది. మా ఇళ్లల్లో ఇరవై ఒకటో రోజున బారసాల చేసి పేరు పెడతారు. అందుకని ఆ పిల్లకి పేరు లేదు. ఆసుపత్రి కాగితాల మీద కూడా నా పేరు పక్కన ‘బేబీ’ అని మాత్రమే ఉంది. పేరు పెట్టని బిడ్డకి కర్మకాండ ఉండదు, మా వైపు తలుచుకోవడం కూడా ఉండదు. కాలవగట్టున పెట్టి వచ్చాక ఆ బిడ్డ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రెండేళ్లకి రెండోపిల్ల పుట్టింది. దాన్నే పెద్దపిల్లలా, ఒక్కపిల్లలా పెంచుకుంటూ వచ్చాం.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. మావారు రొయ్యల వ్యాపారం చేసేవారు. కోనసీమ చెరువుల్లో టైగర్ రొయ్య బాగా పండేది. ఆయనా, ఇంకో ముగ్గురూ కలిసి కాకినాడ దగ్గర పెట్టిన ప్లాంటు నుంచి సరుకు జపాను వెళ్లేది. అక్కడ కొనేవాళ్లు ఒకసారి భార్యాభర్తలిద్దర్నీ రమ్మని టిక్కెట్లు పంపారు. నాకు విమానం అంటేనే భయం. కానీ దేవుడు చూపిస్తానంటుంటే వద్దనడం ఎందుకని బయల్దేరాను. నాలుగేళ్ల పిల్లని రావులపాలెంలో మా అమ్మ దగ్గర వదిలిపెట్టాం. అది ఏడవలేదు. నేనే ఏడ్చాను.

నగోయా అనే ఊళ్లో నాలుగు రోజులు ఆయన పనులయ్యాయి. ఐదో రోజు మా ఇద్దరి కోసమే ఒక కారు, డ్రైవరు, ఊళ్లు చూపించడానికి ఒక గైడు. కొండల్లో పూర్వం బాటసారులు రాత్రి బస చేసే ఊళ్లు ఉన్నాయనీ, ఆ చెక్క ఇళ్లని మూడువందల ఏళ్లుగా అలాగే కాపాడుకుంటున్నారనీ చెప్పారు. వాటి పేర్లు మాగోమె, త్సుమాగో. నాకు నోరు తిరగక మాగోమెని ‘మావుగోము’ అన్నాను. ఆయన నవ్వి, ‘నువ్వు పెట్టిన పేరే బావుంది’ అన్నారు.

గైడు పేరు కెయికో గారు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. ఆవిడ ఇంగ్లీషులో ఆయనకి చెబితే, ఆయన నాకు తెలుగులో చెప్పేవారు. ఆవిడ పది మాటలు చెబితే ఈయన నాకు రెండు చెప్పేవారు. ఆయనకి అది మామూలే.

దారిలో ఆవిడ పిల్లలెంతమంది అని అడిగింది. ఆయన ఒక్కరు అన్నారు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చు. ఏమైందో తెలియదు, అంత దూరం వచ్చాక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. రెండు వేళ్లు చూపించి, ఒకటి ముడిచాను. ఆవిడ నా చేతిని చూసింది, తల వంచింది. ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

మార్చి నెల మొదట్లో వెళ్లాం. రాళ్లు పరిచిన వీధి పక్కల్లో ఇంకా మంచు మిగిలి ఉంది. ఇళ్లన్నీ నల్లబడిన చెక్క. ఒక నీటిచక్రం తిరుగుతోంది. మొదటి ఊరు చూసి రెండో ఊరికి కొండదారిన వెళుతుంటే, మధ్యలో ఒక టీ కొట్టు దగ్గర కెయికో గారు కారు ఆపించింది. కొట్టు వెనక చిన్న రేకుల పంచ. దాని కింద వరసగా రాతి బొమ్మలు, మోకాలెత్తు ఉంటాయి. గుండ్రటి బోడితలలు, మూసిన కళ్లు, పసిపిల్లల మొహాలు. ఒక్కొక్క బొమ్మ మెడకీ ఎర్ర గుడ్డ. మనం పసివాళ్లకి చొంగ కారకుండా కడతామే, అలాంటిదే.

ఆవిడ ఆయనతో చాలాసేపు మెల్లిగా మాట్లాడింది. ఆయన నా దగ్గరకి వచ్చి, ‘పిల్లల్ని కాపాడే దేవుడట. గుడ్డ మీద పేరు రాసి కట్టాలట’ అన్నారు. అంతే చెప్పారు. కెమెరాలో కొత్త రీలు వేసుకుంటానని కారు దగ్గరికి వెళ్లిపోయారు.

నాకు పట్టరాని సంతోషం కలిగింది. చెప్పులూ మేజోళ్లూ విప్పేసి ఆ చల్లటి రాళ్ల మీద నిలబడ్డాను. టీ కొట్టు ముసలావిడ ఒక కొత్త ఎర్ర గుడ్డ, సిరాలో ముంచిన కుంచె తెచ్చి ఇచ్చింది. నా పిల్ల పేరు తెలుగులో, మూడక్షరాలూ పొందిగ్గా రాశాను. చివరి బొమ్మకి గుడ్డ లేదు. దానికి కట్టబోతే తాళ్లు పొట్టివయ్యాయి. గాజుకి ఉన్న పిన్నీసు తీసి వెనక గుచ్చాను. సంచిలో ఉన్న కుంకుమతో నుదుట బొట్టు పెట్టాను. మా అమ్మ చేసిచ్చిన సున్నుండ ఒకటి ఎదురుగా ఉంచి, నా పిల్లని చల్లగా చూడు తండ్రీ అని దణ్ణం పెట్టుకున్నాను. ముసలావిడ నడుం వంచి నాకు నమస్కరించింది. కెయికో గారు కళ్లు తుడుచుకుంది. ఎంత మంచి మనుషులో అనుకున్నాను.

ఆయన వచ్చి దూరం నుంచే ఒక ఫొటో తీశారు. అప్పుడు ఒంటిగంట దాటింది. కారెక్కగానే నేను వాచీ చూసుకున్నాను.

రెండో ఊరికి దిగుతుండగా ఆయన అడిగారు.

‘గుడ్డ మీద ఏం రాశావు?’

‘పిల్ల పేరండీ. రాయమన్నారుగా.’

‘ఏ పిల్ల?’

‘అదేంటండీ. మనకెంతమంది పిల్లలు?’

ఆయన నా వైపు చూడకుండానే అసలు సంగతి చెప్పారు. ఆ దేవుడు చనిపోయిన పసిపిల్లల్ని తన వెంట ఉంచుకుని కాపాడతాడట. కడుపుకోత పడిన తల్లులు బిడ్డని ఆయనకి అప్పగిస్తూ ఆ గుడ్డ కడతారట. నేను వేళ్లు ముడవడం చూసి, మన మొదటి బిడ్డ కోసమే ఆవిడ అక్కడికి తీసుకెళ్లిందట. ‘ఆ మాట నీతో ఎలా అనాలో తెలియలేదు. పేరు అన్నాక నీకే అర్థమవుతుందనుకున్నాను’ అన్నారు.

‘దానికి పేరెక్కడుందండీ’ అన్నాను.

ఆరేళ్లలో మేమిద్దరం ఆ బిడ్డ గురించి అనుకున్న మొదటి మాట అదే.

బతికున్న పిల్లని చనిపోయిన పిల్లల దేవుడికి నా చేతులతో అప్పగించి వచ్చాను. కారు తిప్పమన్నాను. కెయికో గారికి విషయం తెలిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇరుకు దారిలో కారు తిప్పి మళ్లీ అక్కడికి చేరేసరికి ముప్పావుగంట పట్టి ఉంటుంది. దారి పొడుగునా పిల్ల పేరు అనుకుంటూనే ఉన్నాను.

చివరి బొమ్మ, నుదుట నా కుంకుమ. సున్నుండ అలాగే ఉంది. ఎర్ర గుడ్డ మెడకే ఉంది. వెనక తడిమితే నా పిన్నీసు గుచ్చినట్టే ఉంది. గుడ్డ మీద అక్షరాలు లేవు.

చెరిగినట్టు కాదు. సిరా తడికి అలుక్కుపోతే మరక ఉంటుంది. అక్కడ మరక లేదు. గుడ్డ పొడిగా ఉంది, పైన రేకులున్నాయి, మంచు పడే వీలు లేదు. తిరగేసి చూశాను. ఆయనా చూశారు. ముసలావిడ అక్కడే కూర్చుని ఉందట, మేం వెళ్లాక ఎవరూ రాలేదట. గుడ్డ చూసి ఆవిడ ఒక మాట అంది. దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి కెయికో గారు తటపటాయించింది. ఈసారి ఆయన ఏమీ మింగకుండా నాకు చెప్పారు.

‘ముట్టిందంటోంది.’

నేను దాన్ని మంచి మాటగా తీసుకున్నాను. తెలియక చేసిన తప్పుని దేవుడే తుడిచేశాడని, ఆ ఖాళీ గుడ్డని కళ్లకద్దుకుని, అక్కడే వదిలేసి వచ్చాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ దణ్ణం పెట్టలేదు.

రాత్రి ఎనిమిదింటికి హోటలు నుంచి రావులపాలెం ఫోను చేయించాను. అక్కడ సాయంత్రం నాలుగున్నర.

‘ఏమ్మా జపాను దొరసానీ, అన్నం దొరుకుతోందా?’ అంది మా అమ్మ. పిల్ల ఎలా ఉందంటే, ‘బానే ఉంది గానీ నీ మీద అలిగిందే. టిఫిను తినేదాకా బాగానే ఉంది. ఆ తర్వాతనించి పేరెట్టి పిలిస్తే పలకట్లేదు’ అంది.

టిఫిను ఎన్నింటికి పెట్టావని అడిగాను. తొమ్మిది, తొమ్మిదిన్నర అంది. మన తొమ్మిదిన్నర అంటే వాళ్ల ఒంటిగంట.

వచ్చాక పిల్ల పరుగెత్తుకొచ్చి నా కాళ్లకి చుట్టుకుంది. అన్నీ మామూలే, ఆటలూ మాటలూ. పేరు పెట్టి పిలిస్తే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. వెనకనుంచి ‘అమ్మలూ’ అంటే తిరుగుతుంది, చిటిక వేస్తే తిరుగుతుంది. ఆ పేరు వినపడనట్టే ఉంటుంది. రాజమండ్రిలో చెవుల డాక్టరు గారికి చూపించాం. చెవులకి ఏ లోపమూ లేదన్నారు. తల్లి వదిలి వెళ్లిందన్న కోపం, పోతుందన్నారు.

పోలేదు. బళ్లో టీచరు గారు పేరు పిలిస్తే పలకడం లేదని పద్దెనిమిది రోజులు ఆబ్సెంటు వేశారు. పిల్ల ముందు బల్ల మీదే కూర్చుని ఉంది. రిజిస్టరు తెచ్చి చూపించి, ‘ఏంటండీ, ఎదురుగా కూర్చునుంటే నా కంటికి ఆనట్లేదండి’ అందావిడ. నవ్వబోయి ఆగిపోయింది.

అన్నం తగ్గింది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. చేతి మురుగులు జారిపోయేటంతగా చిక్కిపోయింది. పేరు వెళ్లిన చోటికే పిల్లా వెళుతోందని నాకు అర్థమైంది. ఒకరోజు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ పేరు చెప్పి, ఇది ఎవరి పేరమ్మా అని అడిగాను.

‘నాది కాదుగా’ అంది. ‘నువ్వు ఇచ్చేశావుగా.’

జపాను సంగతి దాని ముందు మేం ఎప్పుడూ అనలేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు.

ఆ రాత్రే ఆయనతో అన్నాను, పిల్లకి మళ్లీ బారసాల చేద్దామని. ఆయన ఎందుకని అడగలేదు. పంతులు గారు ముసలివారు, నాలుగేళ్ల పిల్లకి బారసాల తన జన్మలో చేయలేదన్నారు. చేయకూడదని మాత్రం అనలేదు.

వైశాఖంలో ఒక ఉదయం, పంతులు గారు రాకముందే నేను ఒక పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో ఆ పాత పేరు రాశాను. ‘ఇది నీదే తల్లీ, నీ చెల్లి పేరు. నీకు పెట్టుకోలేకపోయాను. తీసుకో, దాన్ని మాత్రం నాకు ఉంచు’ అన్నాను. మావారు నా వెనకే నిలబడి ఉన్నారని తర్వాత తెలిసింది. ఇద్దరం వెళ్లి ఆ బియ్యం గోదావరిలో కలిపి వచ్చాం. తర్వాత పంతులు గారు వేరే పళ్లెంలో కొత్త పేరు రాయించారు. పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పాలి. రెండోసారికే ‘ఆఁ’ అని పలికింది. ఆ ‘ఆఁ’ కోసం నేను రోజూ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను.

పిల్ల కోలుకుంది. పెరిగింది. సర్టిఫికెట్లన్నీ కొత్త పేరు మీదే ఉన్నాయి. పాత పేరు దానికి గుర్తు లేదు. మేం చెప్పలేదు.

ఆయన తీసిన ఫొటో రాజమండ్రిలో కడిగించాం. బొట్టు పెట్టిన బొమ్మ, ఎర్ర గుడ్డ, దాని మీద నల్లగా నా చేతిరాత. మూడక్షరాలూ చదవొచ్చు. అందుకే నేను రాయలేదేమో, భ్రమపడ్డానేమో అనుకునే దారి కూడా నాకు లేదు. పిల్లలు అలుగుతారు, పేర్లు మారిస్తే మర్చిపోతారు అని మా బంధువుల్లో చదువుకున్నవాళ్లు చెప్పారు. కావచ్చు. గుడ్డ సంగతి ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

ఆ పేరు ఇక్కడ కూడా రాయలేదు, గమనించే ఉంటారు. ఏడాదికి ఒకసారి, మొదటి బిడ్డ పోయిన రోజున, దీపం పెట్టి ఒక్కసారి మెల్లిగా ఆ పేరు అంటాను. తల్లిని కదా, ఆ మాత్రం పిలవాలి. పిలిచిన వెంటనే లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. ఆ దీపం దగ్గర నిలబడి వినను.