గొంతు మీది కత్తి

సెలూన్ పెద్దాయనకు బీపీ, షుగరు రెండూ ముదిరాయి. పొద్దస్తమానం నిలబడే పని. కాళ్ల తిమ్మిరికి సిగరెట్టే మందనుకునేవాడు. భార్య మాత్రలు చేతిలో పెడితే జేబులో వేసుకుని, "రాయిలా ఉన్నానే, ఇవన్నీ ముసలాళ్లకి" అని నవ్వేవాడు. ఓ ఉదయం స్కూలు టీచరుకు గడ్డం గీస్తుండగా అతని కుడిచెయ్యి మొద్దుబారింది. మూతి వంకరపోయింది. కేకేద్దామంటే మాట పెగల్లేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, కత్తిని టీచరు గొంతు మీంచి బలవంతంగా తప్పించాకే నేల మీద కూలిపోయాడు.

ఆసుపత్రిలో పక్షవాతమన్నారు. "ఇన్నేళ్లూ మందులు వాడలేదా?" అని డాక్టరు గద్దిస్తే భార్య అతని చొక్కా జేబులోని మాత్రలు తీసి చూపింది. కొన్నాళ్లకు నోరు కాస్త తిరిగింది. ఆమె చెవి దగ్గరపెట్టి వింది.

"టీచరుగారికి... తెగిందా?"

"లేదయ్యా, గీత కూడా పడలేదు."

అతను చాలాసేపు ఏడ్చాడు. కుడిచెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు.