అన్న నోరు విప్పని యుద్ధం

బంగ్లాదేశ్ యుద్ధం నుంచి తిరిగొచ్చాక మా అన్న నన్ను విసిగించినంతగా ఇంకెవరూ విసిగించలేదు. సిపాయిగా తూర్పు సరిహద్దుకు పోయి, మోచేతిలో తూటా దెబ్బతో బోధన్‌కు వచ్చాడు. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చాచలేకపోయాడు. చక్కెర ఫ్యాక్టరీ వాళ్లు, మోర్తాడ్ చుట్టాలు ఏం జరిగిందో చెప్పమని వచ్చి కూర్చునేవారు. అన్న చెప్పేదల్లా ఒకటే: పప్పులో నీళ్లెక్కువ, తడి బూట్లకు కాళ్లు ఒరుసుకుపోయాయి. వచ్చినవాళ్లు నా ముఖం చూసేవారు.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు అన్నను, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని పిలిచారు. అన్న లేచి, దేవుడు చల్లగా చూశాడని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి చెడామడా దులిపేశాను. అన్నం కలుపుకుంటూ పచ్చడి అడిగాడు.

ఆ ఎండాకాలం నాందేడ్ వైపు నుంచి ఒకాయన కుంటుకుంటూ వచ్చాడు. అన్న దళంలోని సిపాయే. అన్న బజారుకు పోయి ఉండగా, మరాఠీ కలిసిన హిందీలో మమ్మల్ని కన్న అవ్వకూ నాకూ ఆయనే జరిగింది చెప్పాడు. దళం చెరకుతోట దాటుతుంటే ఎదుటి గట్టు మీది నుంచి మెషిన్‌గన్ పేలిందట. తొడలో తూటా దిగి ఈయన పడిపోయాడు. అందరూ వెనక్కి తగ్గారు. అన్న ఒక్కడే పాకుతూ తిరిగొచ్చి, చంకల కింద చేతులు వేసి సాళ్ల మధ్య ఈడ్చుకుపోయాడు. సగం దారిలో తన మోచేతికి తగిలినా వదల్లేదు.

ఆయన్ని బస్సెక్కించి అన్న ఇంటికి రాగానే నిలదీశాను.

"ఇంత చేసి, మాకు చెప్పనీకి నోరు రాలేదా అన్నా?"

అన్న గడప మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆడ ఇద్దరు పడ్డరు. రెండోటోడు నన్ను పిలుస్తనే ఉండె. మల్ల పోదామంటే చెయ్యి లేవలే. ఒకన్ని తెచ్చింది చెప్తే, రెండోటోని సంగతి గుడ చెప్పాలె గద."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం కోపం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. అంత బరువు ఒక్కడే మోస్తూ మమ్మల్ని పరాయివాళ్లను చేశాడు.

చలికాలంలో అన్న, నిజామాబాద్‌లో పనుందని చెప్పి పోయి వారం దాకా రాలేదు. ఆ రెండోవాడి ఊరు వెతుక్కుంటూ పోయి, వాళ్లమ్మను కలిసి అంతా చెప్పి వచ్చాడట. ఆమె ఏమందని ఎన్నిసార్లు అడిగానో. ఈ రోజుకీ చెప్పలేదు.