బోటు మాస్టారి బకిల్

వేసవి శిబిరంలో పిల్లలకు పడవ నేర్పే బోటు మాస్టారు మెడలో విజిలు, భుజాన తువ్వాలు లేకుండా చెరువు గట్టున ఎవరికీ కనిపించరు. పడవ ఎక్కే ముందు ఒక్కొక్కరి లైఫ్ జాకెట్ పట్టుకుని రెండుసార్లు గుంజి చూస్తారు. "బకిల్ పడనివాడు ఒడ్డునే. మా మేనల్లుడైనా సరే" అంటారు. ఆయన తువ్వాలు మాత్రం ఎప్పుడూ భుజం మీంచి పొట్ట మీదికి జారి అక్కడే ఉంటుంది. కిందటేడు పడిన ఆయన జాకెట్ బకిల్ ఈ ఏడు బెత్తెడు దూరంలో ఆగిపోయిందన్న సంగతి ఆ తువ్వాలుకి ఒక్కదానికే తెలుసు.

ఓ రోజు పడవ కదలబోతుంటే, ముందు పళ్లూడిన ఓ పిల్ల లేచి, ఆయన నేర్పినట్టే ఆయన జాకెట్ పట్టుకుని గుంజింది. తువ్వాలు జారిపోయింది.

"మాస్టారూ, మీ బకిల్ పడలేదు."

"నాకు ఈత వచ్చమ్మా."

"నాకూ వచ్చు. అయినా నిన్న నన్ను దింపేశారుగా."

పడవంతా ఆయన వంకే చూసింది. మాస్టారు విజిలు నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేసి, తన తెడ్డుని పిల్లలకు తోడుగా పడవలో కూర్చున్న టీచరమ్మ చేతికిచ్చి దిగిపోయారు. ఆవిడ నవ్వు దాచుకోవడానికి నీళ్ల వైపు తిరిగింది.

ఆనాటి నుంచి పడవ నీళ్లలో, మాస్టారు గట్టు మీద. "ఎడమ తెడ్డురా నాయనా, రాసే చెయ్యి కాదు, రెండోది" అని అరుస్తూ, విజిలు ఊదుతూ, పడవతోపాటు చెరువు చుట్టూ పరుగు. శిబిరం ఆఖరి రోజున ఊపిరి బిగబట్టి లాగితే బకిల్ టక్కున పడింది. పళ్లూడిన పిల్ల రెండుసార్లు గుంజి చూసి, "ఎక్కండి" అంది.

ఎక్కారు. అయితే ఆ బిగింపులో విజిలు ఊదడానికి ఊపిరి మిగల్లేదు. చెరువంతా తిరిగొచ్చినా మాస్టారు కిమ్మనలేదు. పిల్లలు ఆ వేసవిలో మొదటిసారి తెడ్లు తిన్నగా వేశారు.