బుధవారం నాలుగో పీరియడ్

రెండు వేల ఇరవై రెండు, జూలై. కంకిపాడు దగ్గర ఒక మిషన్ స్కూల్లో నేను ఆఫీసు సూపరింటెండెంట్‌ని. హోదా పేరు పెద్దదే గానీ చేసేది అడ్మిషన్లు, టైంటేబుల్, టీసీలు. టీసీ అంటే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, పిల్లలు ఒక బడి వదిలి ఇంకో బడికి వెళ్ళాలంటే మేం రాసివ్వాల్సిన కాగితం. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా రోజూ విజయవాడ నుంచి బస్సులో వచ్చి ఈ పనులే చేస్తున్నాను. తల్లిదండ్రుల్లో ఎన్ని రకాలుంటారో అన్నీ చూసేశానని నా ధీమా.

ముందు మా పద్ధతి చెప్పాలి. ప్రతి బుధవారం నాలుగో పీరియడ్‌లో ప్రతి తరగతీ రెండుగా విడిపోతుంది. క్రైస్తవ పిల్లలు స్క్రిప్చర్‌కి, అంటే బైబిలు పాఠానికి, పెద్ద హాల్లోకి వెళ్తారు. మిగతావాళ్ళు క్లాసులోనే ఉండి మోరల్ సైన్స్, అంటే నీతి పాఠాలు, వింటారు. ఎవరు ఎటు వెళ్ళాలో అడ్మిషన్ ఫారంలో మతం గడి చూసి జాబితా రాసేది నేను. నేను హిందువునే. నా జాబితా మీద అటు పాస్టరు గారికీ ఇటు పూజారి గారికీ ఏనాడూ అభ్యంతరం రాలేదు.

రూతు గారు పక్కనే ఉన్న పీహెచ్‌సీలో ఏఎన్ఎం, ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేసే నర్సు. వాళ్ళమ్మాయి కెజియా ఆరో తరగతిలో చేరింది. చేరిన మూడో వారంలో ఆవిడ వచ్చి నా బల్ల ముందు కూర్చున్నారు.

"మేడం, మా అమ్మాయిని బుధవారం మోరల్ సైన్స్‌లో కూర్చోబెట్టండి."

"మీరు క్రిస్టియన్సే కదండీ?"

"అవునండీ. బైబిలు రోజూ సాయంత్రం ఇంట్లో చదువుకుంటాం. ఆదివారం సండేస్కూలు ఉండనే ఉంది. ఇక్కడ కూడా మావాళ్ళ మధ్యే కూర్చుంటే ఇంకెవరితో కలుస్తదండీ? పక్కవాళ్ళని ప్రేమించమని దానికి చెప్తున్నాం. ఆ పక్కవాళ్ళెవరో తెలియాలి కదా."

"అంత కలవాలనుకుంటే మిషన్ స్కూలుకెందుకు తెచ్చారు?"

"నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా పిల్లని వరండాలో కూర్చోనిచ్చే బడి ఇదొక్కటేనండీ."

నాకు ఒళ్ళు మండింది. సెక్షన్ మారాలంటే మా దగ్గర ఫారం ఉంది. బస్సు స్టాపు మారాలన్నా ఉంది. దీనికి లేదు. ప్రిన్సిపాల్ గారేమో "ఒక్క పిల్లేగా, వేసెయ్యండి" అని తేల్చేసి తలనొప్పి నాకు వదిలేశారు. కెజియా పేరు ఒక జాబితాలో కొట్టేసి రెండో దాంట్లో రాశాను.

రెండు బుధవారాలు గడిచాయో లేదో పాస్టరు గారి నుంచి ఉత్తరం వచ్చింది. మన పిల్లను వాక్యానికి దూరం చేయడం మన స్కూలుకు తగునా అని. ఆ మధ్యాహ్నమే శివరామయ్య గారు వచ్చారు. ఆయన రైతు, సెంటర్లో పురుగుమందుల కొట్టు కూడా ఉంది. వాళ్ళమ్మాయి లహరి, కెజియా ఇప్పుడు మోరల్ సైన్స్‌లో ఒకే బెంచీ.

"మేడం గారూ, మా పిల్ల పక్కన ఆ పిల్లని కావాలనే కూర్చోబెట్టారంట. ఏంటి సంగతి?"

"ఏ సంగతీ లేదండీ. వాళ్ళమ్మ అడిగారు, వేశాం."

"ఏ సంగతీ లేకుండానే వాళ్ళ క్లాసు మానేసి మా క్లాసుకెందుకొస్తదండీ? మెల్లగా మా పిల్లకి ప్రార్థనలు నేర్పటానికేగా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒకాయనకు ఆ పిల్ల మతం వదిలేస్తోందని బాధ, ఇంకొకాయనకు ఆ పిల్ల మతం అంటగడుతుందని అనుమానం. పదకొండేళ్ళ పిల్ల రెండు పనులూ ఒకేసారి ఎలా చేస్తుందో ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నేనూ ఆలోచించలేదు.

ప్రిన్సిపాల్ గారు తల పట్టుకుని, "ఆవిణ్ణి పాత పద్ధతికి ఒప్పించండి. ఒప్పుకోకపోతే సోమవారం చూద్దాం" అన్నారు. ఆ "ఒప్పుకోకపోతే" అన్న మాట పట్టుకుని, ఎవరూ అడగకుండానే, కెజియా పేర టీసీ రాసేశాను. సంతకం ఒక్కటే మిగిలింది.

సాయంత్రం రూతు గారు వచ్చారు. విషయమంతా చెప్పాను. ఆవిడ చూపు బల్ల మీద తెరిచి ఉన్న టీసీ పుస్తకం మీద పడింది.

"రాసేశారా అండీ?"

"సిద్ధంగా ఉంటుందని."

"మా పిల్ల ఏం తప్పు చేసిందండీ?"

నేను పుస్తకం మూసేశాను. ఆవిడ, వాళ్ళాయనతో మాట్లాడి సోమవారం చెబుతానని వెళ్ళిపోయారు. గొడవపడినా బాగుండేది, నాకూ నాలుగు మాటలనే వీలు దొరికేది.

సోమవారం ఆవిడకంటే ముందు శివరామయ్య గారు వచ్చారు. లహరికి అమ్మవారు పోసి, ఆయన గొడవపెట్టి వెళ్ళిన మర్నాటి నుంచే బడికి రావడం లేదు. సెలవు చీటీ ఇచ్చి వెళ్ళకుండా నిలబడ్డారు.

"ఆ పిల్ల రోజూ సాయంత్రం వాళ్ళమ్మ స్కూటీ మీద వస్తందండీ. గేటు బయటే నిలబడి ఆ రోజు పాఠాలు గట్టిగా చదువుతది. మా పిల్ల కిటికీ కాడ కూర్చుని రాసుకుంటది."

"ప్రార్థనేమైనా చేసిందా?" అన్నాను, కాస్త కటువుగానే.

ఆయన తల దించుకున్నారు. "మా అమ్మ లోపలికొచ్చి మజ్జిగ తాగమందండీ. 'మీ ఇంట్లో అమ్మవారున్నారు కదండీ, నేను స్నానం చేసి రాలేదు' అందంట. ఈ పట్టింపులు నీకెలా తెలుసే అంటే, బెంచీలో లహరే చెప్పిందంట." వెళ్ళబోతూ, "ఆ పిల్లని అక్కడే ఉంచండి మేడం గారూ. మా దానికి ఇంకో వారం పడతది. పాఠాలెవరు చెప్తారు?" అన్నారు.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆయన మెట్లు దిగుతుంటే రూతు గారు ఎక్కుతున్నారు. ఇద్దరూ నమస్కారాలు పెట్టుకున్నారు. ఆవిడ వచ్చి నిలబడే చెప్పారు: "మా ఆయనదీ అదే మాటండీ. అందరితో కూర్చోనివ్వకపోతే ఆ టీసీ ఇప్పించండి. జిల్లా పరిషత్ హైస్కూల్లో వేసి, సాయంత్రాలకి ఇంకేదో దారి చూసుకుంటాం."

"కూర్చోండమ్మా" అన్నాను. ఆవిణ్ణి అమ్మా అనడం అదే మొదటిసారి.

ప్రిన్సిపాల్ గారు సరేనన్నారు, కెజియా మోరల్ సైన్స్‌లోనే ఉండిపోయింది. పాస్టరు గారికి జవాబు నేనే రాశాను. సండేస్కూలు హాజరు పట్టీ మీ దగ్గరే ఉంటుంది, ఆ పిల్ల ఒక్క వారమైనా మానిందేమో చూడండి అని. మళ్ళీ ఉత్తరం రాలేదు.

ఇరవై రెండేళ్ళు మతం గడి చూసి పిల్లల్ని రెండు గదుల్లోకి పంపిన దాన్ని, ఒక్క బుధవారమైనా ఏ గదిలోకీ తొంగి చూడలేదు. గడిలో ఏముందో చూస్తే పిల్ల తెలిసిపోతుందనుకున్నాను. తెలియదని ఈ కేసు నాకు నేర్పింది, కాస్త ఆలస్యంగా.

ఇక మిగిలింది ఆ టీసీ. ఆ పుస్తకంలో ప్రతి ఆకుకూ నంబరు ఉంటుంది, చింపడానికి వీల్లేదు. అడ్డంగా గీత కొట్టి, కారణం రాసి, సంతకం పెట్టాలి. "సూపరింటెండెంట్ తొందరపాటు" అని రాశాను. తనిఖీకి వచ్చినవాళ్ళు ఏటా ఆ ఆకు దగ్గర ఆగి, ఎవరండీ ఈ సూపరింటెండెంట్ అని అడుగుతారు.

నేనేనండీ అంటాను.