గెడ్డలో ఎనిమిది గంటల నీళ్లు

అరవైల చివర్లో నాకు సర్కారు ఇచ్చిన పని, పొందూరు దగ్గర ఒక గెడ్డలో, అంటే చిన్న వాగులో, ఎండాకాలమంతా నీళ్లు కొలవడం. వానల్లేని రోజుల్లో గెడ్డలో పారేది నేల తాగి, దాచుకుని, మెల్లగా వదిలే నీరే. అది ఎంత వస్తోందో చూసి చుట్టుపక్కల నేల ఎంత ఇంకించుకుంటుందో అంచనా కడతారు. బాగా ఇంకే నేలయితే అక్కడి రైతులకు బావులు మంజూరవుతాయి. లెక్క మంచిదే. లెక్కగట్టిన మమ్మల్ని తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది.

ఒడ్డున రెండెకరాల రైతు ఒకాయన రోజూ నా వెనకే తిరిగేవాడు. వాన తప్పిన ఏడు వాళ్లింట్లో గంజికి కూడా కటకటే. బావి కోసం అర్జీ పెట్టుకున్నాడు.

నా కొలబద్ద చూసి ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"ఏటి బాబూ కొలస్తన్నారు? పైన తెల్లారకముందే ఇసక కట్ట కట్టేసి నీలు మడులకి మల్లించేస్తారు. పొద్దుగూకితే తెంచేస్తారు. అప్పుడు రండి, సూపిస్తాను."

శ్రీకాకుళం వెళ్లి మా ఆఫీసరుకు చెప్పాను. ఆయన ఫ్యాను కింద వక్కపొడి నములుతూ విన్నాడు.

"కొలత పొద్దున ఎనిమిదికే. ఆ రైతు చెప్పిన ముహూర్తానికి వెళ్లడానికి వాడింట్లో పెళ్లా?"

అయినా ఆ సాయంత్రం వెళ్లాను. కట్ట తెగింది. పొద్దున చీలమండ తడవని చోట నీళ్లు మోకాలు దాటాయి. రైతు నా ముఖం చూసి నవ్వాడు. ఇక బావి వచ్చేసినట్టే అనుకున్నాడు పాపం.

నేను మాత్రం ఎనిమిది గంటల కొలతలే రాశాను. "గట్టి నేల, నీరు ఇంకదు" అన్న రిపోర్టు కింద సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందన్న భయమని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. భయం కూడా కాదు, బద్ధకం. కొలతలన్నీ మళ్లీ మొదలుపెట్టాలంటే చిరాకు. థూ, ఏం బతుకు!

రెండు ఎండాకాలాలు గడిచాక ఆ దారిన వెళితే రైతు పిలిచాడు. చేలో బావి. మొగుడూ పెళ్లామే తవ్వుకున్నారట. ఆయన తవ్వితే ఆమె మట్టి తట్టలు మోసిందట. తొంగి చూస్తే లోపల నిండా నీళ్లు.

"తాగండి బాబూ, మీరు లేవన్న నీలే."

ఎత్తిపొడుపు కాదు, నిజంగా సంబరంగానే అన్నాడు. ఆయన భార్య చెంబుతో వచ్చింది. ఆమె నడుం పూర్తిగా వంగిపోయి ఉంది. ఆ చెంబు అందుకోవడానికి నేనూ వంగాల్సి వచ్చింది.